నాన్న ఊ కొట్టిన కేసెట్లు

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అట్ట మీద స్కేలు పెట్టి గీత కొట్టి మరీ రాసుకున్నాను, "అమ్మ కథలు - రికార్డింగ్ ప్లాను" అని. ప్లాను! నా మొహం ప్లాను. మొదటి పేజీలో కథల జాబితా. రెండో పేజీలో ఏ కథ ఎన్ని నిమిషాలు పడుతుంది, కేసెట్లో ఏ వైపు పట్టించాలి. మూడో పేజీలో మా ఇంటి చుట్టూ ఏ వేళకి ఏ చప్పుడు వస్తుందో మూడు రోజులు కాపలా కాసి రాసిన పట్టిక. పాలవాడి సైకిలు గంట, పక్కింటి కుక్కరు, పాత సామాన్లు కొనే కబాడీవాలా కేక, యార్డులో షంటింగ్ ఇంజను, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లోనే ఉన్న చప్పుడు ఒకటి మాత్రం రాయలేదు. పుట్టినప్పటి నుంచి వింటున్నాను కాబట్టి అది ఒక చప్పుడని నాకు తోచలేదు.

ఇది ఎనభైల నడిమి మాట. మాది శ్రీకాకుళం వైపు. నాన్న గూడ్సు బళ్ళ మీద గార్డుగా రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. రైల్వే కాలనీ వెనకాల చిన్న ఇల్లు కట్టుకున్నాం. అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, నా భార్య, అంతే. నేను శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో గుమస్తాని. కాగితాలు ఒక వరసలో పెట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. పైగా ముక్కు మీద కోపం. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగిన దానికి ఆ రెండే కారణం.

అమ్మకి అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు ముసలివాళ్ళకి అది మామూలే. ఇక్కడి ఆడవాళ్ళు మాత్రం మా గుమ్మం ముందు ఆగి మరీ చూసేవారు. ఆ చలికాలం ఆమె గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం అయింది, తులసాకు అయింది, చివరికి నాగపూర్‌లో పెద్ద డాక్టరు దాకా వెళ్ళాం. ఆయన నన్ను పక్కకి పిలిచి, "ఆపరేషన్ కే బాద్ జాన్ రహేగీ, ఆవాజ్ నహీ రహేగీ" అన్నాడు. ప్రాణం ఉంటుంది, గొంతు ఉండదు. ఐదు వారాల తరవాత రమ్మన్నాడు.

తిరుగు రైల్లో అమ్మ అడిగింది, "ఏటన్నాడ్రా డాక్టరు?" అని. దాచడం నాకు చేతకాదు, చెప్పేశాను. కాసేపు కిటికీలోంచి చూసి, "పోన్లే, ఇన్నాళ్ళు వాగింది సాలదేటి?" అంది. నాన్న ఎదురు సీట్లో కూర్చుని చేతిలో టికెట్లు తిప్పి తిప్పి చూస్తున్నారు. ఆయన ఎప్పుడూ ఏమీ అనరు. ముప్ఫై ఏళ్ళు బండి చివర పెట్టెలో ఒక్కరే కూర్చుని ప్రయాణం చేసిన మనిషికి మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ రైల్లోనే నాకు ఈ బుద్ధి పుట్టింది. ఐదు వారాల్లో అమ్మ కథలన్నీ టేపు మీదకి ఎక్కించెయ్యాలి. ఆమె గొంతు పోయినా, పోకుండా నేను ఆపాలి.

అమ్మ కథలు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళ అమ్మమ్మ దగ్గర విన్నవి కొన్ని, తనే అల్లినవి కొన్ని. 'గుడ్డిపిల్లి కాపరం', 'ఏడు గుమ్మాల ఇల్లు', 'నీడ మర్చిపోయిన కోడలు', ఇలా ఇరవై దాకా ఉండేవి. చిన్నప్పుడు రైల్వే క్వార్టరు ముందు నులకమంచాల మీద పడుకుని వినేవాళ్ళం. కథ వినేవాడు ఊ కొట్టాలి, అది మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో అది మరీ గట్టి చట్టం. ఊ ఆగిందా, కథ ఆగేది. అక్కా నేనూ రెండు ఊలు కొట్టి నిద్రలోకి జారిపోయేవాళ్ళం. అయినా కథ నడుస్తూనే ఉండేది, ఎందుకంటే డ్యూటీ లేని రోజుల్లో నాన్న అవతలి మంచం మీంచి ఊ కొట్టేవారు. ఒకసారి మెలకువ వచ్చి, "నీకీ కథ వచ్చు కదా నాన్నా, మళ్ళీ ఎందుకు వింటావు?" అని అడిగాను. ఆయన నాతో మాట్లాడిన పొడుగాటి మాట అదొక్కటే అనుకుంటాను. "డ్రైవరు కూతేస్తాడు. గార్డు పచ్చజెండా సూపించాల. లేకపోతే బండి కదల్దు కదేటిరా."

సరే, నా ప్లాను. ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇంట్లో టూ-ఇన్-వన్ ఉంది, దాని లోపలి మైకు పనికిరాదని తేల్చాను. టాటీబంధ్ దగ్గర పెళ్ళిళ్ళకీ గణేశ్ పందిళ్ళకీ మైకుసెట్లు పంపే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆయన కాళ్ళావేళ్ళా పడి ఒక మంచి మైకు తెచ్చుకున్నాను. ఇస్తూ ఇస్తూ, "యే మైక్ సబ్ సున్‌తా హై, బాబూజీ. జో ఆప్ నహీ సునోగే, వో భీ" అన్నాడు. మీకు వినపడనిది కూడా ఇది వింటుందట. దుకాణం వాళ్ళు ఇలాగే కోతలు కోస్తారని నవ్వుకుని మోపెడ్ మీద పెట్టుకుని వచ్చేశాను.

మే నెల. రాయ్‌పూర్ మే నెల అంటే ఏమిటో ఇక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. నా పట్టిక ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుంది, అదొక్కటే నిశ్శబ్దంగా ఉండే వేళ. ముందు గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీకి చలికాలం కప్పుకునే రెండు రజాయిలు మేకులు కొట్టి వేలాడదీశాను. కూలరు కట్టేశాను. నా భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన రైల్వేవాళ్ళ పిల్ల, నోటికి బ్రేకు ఉండదు. "ఏమండీ, ఇంత గర్మీలో కూలర్ బంద్ చేసి, ఖిడికీకి రజాయిలు కడతారా? ఇంక అత్తయ్యకి నాగపూర్ ఎందుకు, ఇక్కడే ఉడికిపోతారు" అంది.

అమ్మకి వేరే బెంగ. పగలు కథ చెబితే మేనమామ దారి తప్పిపోతాడని ఇక్కడి ఇరుగుపొరుగు చెప్పగా విని ఉంది. "మీ మాంయ్య ఒక్కడే ఉన్నాడు గదరా నాకు తమ్ముడు" అంది. మామయ్య రిటైరై, మంచం దిగకుండా పేపరు చదువుకుంటున్నాడని, ఆయన తప్పడానికి దారే లేదని నచ్చజెప్పాను. నవ్వింది. ఆ బొంగురు గొంతుతో ఆమె నవ్విన నవ్వు కూడా టేపు మీద ఉండాల్సింది. నేను అప్పటికి బటను నొక్కలేదు.

మొదటి నాలుగు మధ్యాహ్నాలు పని చకచకా సాగింది. అమ్మ చాప మీద, స్టూలు మీద మైకు, పక్కన కుర్చీలో నాన్న తుండుతో విసురుకుంటూ. అమ్మ వాక్యం చెప్పడం, నాన్న ఊ కొట్టడం. నేను ఇంకో మూల గడియారం చూసుకుంటూ నోటుబుక్కులో టిక్కులు పెట్టుకుంటున్నాను. నాలుగు కేసెట్లు, ఏడు కథలు. ఆదివారం పొద్దున్న తీరిగ్గా కూర్చుని మొదటి కేసెట్టు పెట్టి విన్నాను.

ఒళ్ళు మండిపోయింది. మైకు దగ్గర నాన్న కుర్చీ, దూరంగా అమ్మ. అసలే ఆమె గొంతు గీరుకుపోయి ఉంది. ఈయన ఊ మాత్రం గంగాళంలో తల పెట్టి అరిచినట్టు వస్తోంది. మాట మాటకీ ఊ. మధ్యలో ఒక దగ్గు. తుండు విసురు. నాలుగు కేసెట్లూ అదే వరస. ఇంకా మూడు వారాలే ఉన్నాయి, ఆమె గొంతు రోజుకింత తగ్గుతోంది, నాలుగు రోజుల పని బూడిదలో పోసిన పన్నీరయింది. నాన్న వరండాలో పళ్ళపుల్ల నములుతూ కూర్చున్నారు. వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"నాన్నా, నేను పట్టుకుంటున్నది అమ్మ గొంతు. మీ ఊలన్నీ దాని మీద పడి పాడైపోతోంది. రేపటి నుంచి మీరు గదిలోకి రావద్దు. ఈ కేసెట్లలో మీరు అక్కర్లేదు."

అవును, ఆ మాటే అన్నాను. మాట కొంచెం అటూ ఇటూ అయిందేమో అని నాకు నేను సర్దిచెప్పుకోవడానికి చాలాసార్లు చూశాను. కాలేదు, అక్షరం పొల్లుపోకుండా అదే. నాన్న పళ్ళపుల్ల నోట్లోంచి తీసి, తల ఊపి, "ఊ" అన్నారు. అంతే.

మర్నాటి నుంచి మళ్ళీ మొదటి కథ. కొత్త కేసెట్లు ఉన్నాయి. అయినా ముందు ఆ పాత నాలుగింటినే వెనక్కి తిప్పి వాటి మీదే పట్టించాను. ఎందుకంటే, తప్పు పడ్డ కాగితం ఫైల్లో ఉండటం నాకు నచ్చదు. చెప్పాను కదా, గుమస్తా బుద్ధి. పాతవి చెరిగిపోతున్నాయని అమ్మకీ చెప్పలేదు, నాన్నకీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని కూడా అనుకోలేదు.

అమ్మ మొదలుపెట్టింది. "అనగనగా ఒక కోడలు. అత్తోరింటికెల్తూ ఎల్తూ అన్నీ సర్దుకుంది గానీ, నీడని పుట్టింట్లో మర్చిపోనాది." ఆగింది. గుమ్మం వైపు చూసింది. నేను చెయ్యి ఊపి, కానివ్వు అన్నాను.

"నడవదురా. ఊ కొట్టీవోడు లేకపోతే కత ఎలాగ నడుస్తాది?"

టేపు ఆపి నచ్చజెప్పాను. నేను ఊ అనను, తల ఊపుతాను, అదే ఊ అనుకో. "నీ తలకాయ ఊపితే నాకేటి తెలుస్తాదిరా?" అని సణిగింది. అయినా మళ్ళీ మొదలుపెట్టింది. ఒక వాక్యం చెప్పి ఆగేది. నేను గంగిరెద్దులా తల ఊపేవాణ్ణి. రెండు మూడు క్షణాలు అలాగే ఆగి, అప్పుడు ముఖం తేటపడి, తరవాతి వాక్యం ఎత్తుకునేది. మర్నాటికి పద్ధతి అలవాటైపోయింది. నా తల ఊపుడు పనిచేసిందని ఎంత మురిసిపోయానో! మధ్యలో ఆ ఖాళీలు కొంచెం విసుగ్గానే ఉన్నాయి, వాటిని తరవాత ఇంకో కేసెట్ డెక్కు తెచ్చి కత్తిరించుకోవచ్చని నోటుబుక్కులో ఒక మూల రాసుకున్నాను. ఆ మూడు వారాలూ నాన్న వరండాలో ఆ వేడిలో స్టూలు వేసుకుని, కిటికీ పక్క గోడకి వీపు ఆనించి కూర్చునేవారు. తలుపు తీసినప్పుడల్లా అక్కడే ఉండేవారు. కాలనీలో ఎవరింటికైనా వెళ్ళి కూర్చోవచ్చు కదా అని విసుక్కున్నాను కూడా. పదకొండు కథలు అయ్యాయి. పన్నెండోది సగంలో ఉండగా ఆమె గొంతు పూర్తిగా ఆగిపోయింది, ఇక నాగపూర్ వెళ్ళిపోయాం.

అమ్మ మెడకి కింద చిన్న కంతతో తిరిగి వచ్చింది. ఊపిరి అందులోంచే. ఆమెకి ఒక పలక కొనిచ్చాను. మూడో తరగతి చదువు, అక్షరాలు ఒక్కోటీ అరచెయ్యంత ఉండేవి. ఇంట్లో మాట తగ్గిపోయింది. ఆవిడ చెప్పలేదు, ఆయన ఊ కొట్టడానికి ఏమీ లేదు. సాయంత్రాలు ఇద్దరూ వరండాలో పక్కపక్కన కూర్చునేవారు. నాన్న ఒక్కసారి కూడా ఆ కేసెట్లు పెట్టమని అడగలేదు. ఆ తరవాతి ఏడాది వానలు మొదలయ్యే ముందు, ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటూ గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. మేం చూసేసరికే అయిపోయింది.

పదకొండో రోజు దాటాక అమ్మ పలక పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. దాని మీద ఉంది, "మొదట్లోవి పెట్టు".

నాకు ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. మొదటి నాలుగు కేసెట్లు. నాన్న ఊ కొట్టినవి. ఆయన ఫోటోలు రెండు ఉన్నాయి, గార్డు కోటు ఉంది, విజిలు ఉంది. ఆయన గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఉన్న ఒక్క చోటినుంచీ నేనే, నా చేతులతో, ఎర్ర బటనూ ప్లే బటనూ కలిపి నొక్కి తుడిచేశాను.

"ఎక్కడో పెట్టానమ్మా, వెతుకుతాను" అన్నాను.

ఆ అబద్ధం నాలుగేళ్ళు నడిచింది. ఏడాదికి రెండు మూడుసార్లు ఆ పలక నా ముందుకి వచ్చేది. వచ్చినప్పుడల్లా నిచ్చెన వేసుకుని అటక ఎక్కేవాణ్ణి. నలభై దాటిన వాణ్ణి, పాత పరుపుల మధ్య దుమ్ములో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, అప్పుడప్పుడు ఒక డబ్బా కదిపి చప్పుడు చేసేవాణ్ణి, వెతుకుతున్నట్టు. కింద అమ్మ నిచ్చెన పట్టుకుని నిలబడి ఉండేది. నా భార్యకి తెలుసు. ఒకసారి కిందనుంచి, "అటకలో కేసెట్లు పిల్లలు పెట్టవండీ, దిగండి" అంది. దిగాక వంటింట్లోకి లాగి, "సచ్ బోల్ దీజియే, నిజం చెప్పేయండి. ఎన్నాళ్ళని? ఆవిడేం కొట్టరు" అంది. కొడితే బాగుండును అనిపించింది.

ఈ నాలుగేళ్ళలో ఉన్న కేసెట్లు నేను విననే లేదా అంటే, విన్నాను. అదే నా శిక్ష అయిపోయింది. అమ్మ వాక్యం చెబుతుంది. ఆగుతుంది. ఆ ఖాళీ సరిగ్గా నాన్నంత ఉంటుంది. అందులో నాకు నా గొంతే వినిపించేది, "ఈ కేసెట్లలో మీరు అక్కర్లేదు" అని. కథ వెళ్ళేకొద్దీ ఖాళీలు పెద్దవవుతున్నట్టు తోచేది. ఆఫీసులో టైపిస్టు చెయ్యి ఆపితే ఉలిక్కిపడేవాణ్ణి. నా భార్య ఏదో చెబుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆ మధ్యలో ఎవరో ఏదో అనాలి, ఎవరూ అనడం లేదు అనిపించి నుదురు తడిసేది. పట్టపగలు, ఫ్యాను తిరుగుతూ ఉండగా! డాక్టరు నిద్రమాత్రలిచ్చాడు. నాకు నిద్రకేం తక్కువ? మెలకువే భయం.

చివరికి ఆ ఖాళీలే లేకుండా చేసేద్దాం అనుకున్నాను. పాత నోటుబుక్కు తీసి, కొత్త పేజీలో ఇంకో ప్లాను రాశాను. బుద్ధి వచ్చిందా నాకు? రాలేదు. ఆఫీసులో ఒకాయన దగ్గర ఇంకో డెక్కు అడిగి తెచ్చాను. ఒకదాంట్లో పాత కేసెట్టు పెట్టి, రెండోదాంట్లోకి కాపీ చేస్తూ, ఖాళీ రాగానే పాజ్ నొక్కాలి. కథ గీతలా సాఫీగా సాగిపోవాలి. ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ నిద్రపోతోందని చూసుకుని మొదలుపెట్టాను. మొదటి నాలుగు వాక్యాలు కత్తిరించి అతికి, ఎలా వచ్చిందో పెట్టి విన్నాను.

పలక గుమ్మానికి కొట్టుకున్న చప్పుడు. అమ్మ నిలబడి ఉంది. తన కథ తన గొంతుతోనే ఆగకుండా పరిగెడుతుంటే విని లేచి వచ్చింది. మెడ కంతలోంచి ఊపిరి బుసలు కొడుతోంది. అరచేత్తో పలకని ధనధనా కొట్టి, సుద్దముక్క విరిగేలా రాసింది, "తీయకు".

ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్న వాణ్ణి అప్పుడు బద్దలైపోయాను. "ఏముందని అందులో ఉంచను? ఏమీ లేదమ్మా అందులో! నువ్వు అడిగే మొదటివి అటకలో లేవు, ఎక్కడా లేవు. వాటి మీదే ఇవి పట్టించాను. నాన్నని నేనే చెరిపేశాను. వినపడిందా? నేనే" అని అరిచాను. అరుస్తూ అరుస్తూ ఏడ్చాను. నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అమ్మ నన్ను ఓదార్చలేదు. నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు, మర్చిపోను. తరవాత కింద కూర్చుని, పాత కేసెట్టు తనే వెనక్కి తిప్పించి పెట్టమని సైగ చేసింది. గొంతు పూర్తిగా పెంచమంది. ఆమె గొంతు గదంతా నిండింది. "...నీడని పుట్టింట్లో మర్చిపోనాది." ఖాళీ వచ్చింది. అమ్మ చూపుడువేలు ఎత్తింది.

నాకు టేపు బుస తప్ప ఏమీ వినపడలేదు. ఆమె కళ్ళతో, విన్నావా? అంది. లేదన్నాను. మళ్ళీ తిప్పించింది. లేదన్నాను. ఆమెకి చిర్రెత్తుకొచ్చి నా చెవి పట్టుకుని స్పీకరు జాలీకి ఆనించింది, చిన్నప్పుడు ఎక్కాలు తప్పితే పట్టుకున్నట్టే. ఇంకో చేత్తో పలక మీద రాసింది, "కిటికీ".

అప్పుడు విన్నాను. అమ్మ మాట ఆగింది. బుస. దూరంగా ఎక్కడో గోరింక. ఆ తరవాత, రెండు రజాయిలకి అవతల నుంచి, గోడకి అవతల నుంచి, ఎంతో సన్నగా, "ఊ".

తరవాతి ఖాళీలో మళ్ళీ ఉంది. దాని తరవాత ఇంకోటి. ఒకసారి చెవికి దొరికాక ఇక వద్దన్నా వినపడుతుంది. ఒక చోట ముందు చిన్న దగ్గు, ఆ తరవాత ఊ. ఒక చోట ఖాళీ మరీ పొడుగ్గా ఉంటుంది, యార్డులోంచి గూడ్సు పోతోంది. ఆ పెట్టెలన్నీ వెళ్ళిపోయేదాకా ఆవిడ లోపల ఆగింది, ఆయన బయట ఆగారు. ఆఖరి పెట్టె దాటాక ఊ వచ్చింది, కథ కదిలింది. నా తల ఊపుడికి కాదు ఆమె ముఖం తేటపడింది. ఆ రోజంతా మేం ఆ కేసెట్లే వింటూ కూర్చున్నాం. టాటీబంధ్ ముసలాయన కోతలు కొయ్యలేదు.

అమ్మ రెండు రోజులు నా కోసం పలక ముట్టలేదు. కోపం. ఉండాలి కూడా. చెవికి ఆనించుకుని వెతుక్కునే ఊ వేరు, పక్కన కూర్చుని కొట్టిన ఊ వేరు. ఆ తేడా ఆవిడకి తెలుసు. మూడో రోజు కేసెట్లన్నీ తెచ్చి నా ముందు పోసి రాసింది, "మళ్ళీ చెరక్కుండా చెయ్యి". కేసెట్టు వెనక రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, అవి విరిచేస్తే దాని మీద ఇక ఎవరూ ఏమీ పట్టించలేరు. మళ్ళీ వాడుకోవచ్చని అన్నాళ్ళూ విరవలేదు. ఆమె చూస్తుండగా స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటీ విరిచాను.

అమ్మ పోయి కూడా ఐదేళ్ళయింది. ఈ మధ్య శంకర్ నగర్‌లో కంప్యూటరు పెట్టుకున్న ఒక కుర్ర ఇంజనీరు, కేసెట్లు సీడీల్లోకి మార్చి ఇస్తానన్నాడు. "హిస్ పూరా సాఫ్ కర్ దూంగా అంకుల్, బీచ్ కా గ్యాప్ భీ" అన్నాడు ఉత్సాహంగా. టేపు బుసా, మధ్యలో ఖాళీలూ మొత్తం తీసేస్తాడట. అతని చేతిలోంచి కేసెట్టు లాక్కున్నంత పని చేశాను. పాపం, మంచివాడే, బిత్తరపోయాడు.

అలా ఇంటికి వచ్చినప్పుడే ఒక సంగతి తట్టింది. అది ఇన్నేళ్ళూ తట్టకపోవడం చూస్తే నన్ను నేనే కొట్టుకోవాలి. పాత రజాయిలు తీసి అదే కిటికీకి మళ్ళీ వేలాడదీశాను. కూలరు కట్టేశాను. ఈసారి మేకులు నా భార్యే అందించింది. అమ్మ కూర్చునే చోట టూ-ఇన్-వన్ పెట్టి, ఆమె మామూలుగా మాట్లాడినంత గొంతుకి తగ్గించి, నేను బయటికి వెళ్ళగానే బటను నొక్కమని, తలుపు వేసుకోమని నా భార్యకి చెప్పాను. వరండాలో స్టూలు వేసుకుని, నాన్న కూర్చున్న చోట, గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. గోడ పెనంలా కాలిపోతోంది.

అక్కడికి మాటలు వినపడవు. ఒక్క మాట కూడా వినపడదు. గోడ లోపల ఏదో ఒక గొణుగుడు లేస్తుంది, తగ్గుతుంది, అంతే. కోడలో, నీడో, అత్తగారో, ఎక్కడ ఆగిందో ఏమీ తెలీదు. నాకు ఆ కథ కంఠతా వచ్చు. అయినా ఊ ఎక్కడ పడాలో నాకు అందలేదు. ఆయనకి మూడు వారాలూ ఒక్కటి కూడా తప్పలేదు.

నేనూ కొట్టి చూశాను. మొదటిది తొందరపడింది. రెండోది ఆలస్యమైంది. కళ్ళు మూసుకుని, ఆ గొణుగుడు కాస్త తగ్గినట్టు అనిపించినప్పుడల్లా కొట్టుకుంటూ పోయాను. వీపు కాలుతున్నా లేవబుద్ధి కాలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. తలుపు తీసిన చప్పుడై కళ్ళు తెరిచాను. నా భార్య గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"కేసెట్టు ఎప్పుడో అయిపోయిందండీ" అంది. "ఎవరికి కొడుతున్నారు ఊ?"